పన్నెండంగుళాల పంతం

3, సోమవారం
ఉదయం. ఇంకా టీ కూడా తాగలేదు.

ఇవాళ్టి నుంచి నేను కొత్త మనిషిని! తీర్మానం రాసి పెట్టుకుంటున్నాను, రేపు నేనే కాదనడానికి వీల్లేకుండా.

ఈ నెల 23, ఆదివారం లోపు నా కారు డిక్కీలోని సబ్‌ఊఫర్, అంటే ఆ పెద్ద బేస్ స్పీకరు, మా తోడల్లుడి కారులో దానికంటే గట్టిగా మోగాలి. అంతే!

నియమాలు:
ఒకటి, తోడల్లుణ్ణి ఒక్క ముక్క అడగను. చచ్చినా అడగను.
రెండు, కొత్త సామాను కొనను. ఉన్నదాంతోనే.
మూడు, ఎవరి మీదా అరవను.

కారణం: నిన్న మామగారిని కారులో తిప్పడం నా వంతు. ఒక ఆదివారం నేను, ఒక ఆదివారం తోడల్లుడు. ఆయనకు ఏడాదిగా చెవులు దాదాపు వినబడవు. చెవి మిషన్ పెడితే గోల తప్ప మాట తెలియడం లేదని తీసి సొరుగులో పడేశారు. ఒకప్పుడు బ్యాండు ట్రూపులో పెద్ద డ్రమ్ము వాయించిన మనిషి! ఇప్పుడు మాట్లాడటమే తగ్గించేశారు. నా కారెక్కిన పది నిమిషాలకు గురక. దిగేటప్పుడు "సుఖంగా ఉంది అల్లుడూ" అన్నారు.

అదే చిన్నల్లుడి కారెక్కితే? మోకాళ్ళ మీద వేళ్ళతో దరువు! ట్రూపు కబుర్లు! నవ్వులు! మా ఆవిడ అన్న మాట రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు: "నాన్న మన కారులో సామాను, వాళ్ళ కారులో మనిషి."

23న ఆయన పాత ట్రూపువాళ్ళంతా ఒకచోట కలుస్తున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత. కారులో మూడు గంటల దారి. "చిన్నల్లుడి కారులో వెళ్తా, ఆ కారులో పాట ఉంటుంది" అని అప్పుడే అనేశారట.

పాట ఉంటుందట! వాడిది ఎనిమిదంగుళాల ఊఫర్. నాది పన్నెండు!

4, మంగళవారం

ఉత్సాహం పొంగిపోతోంది. ముందు ఎవరిది ఎంత మోగుతుందో కొలవాలి. శబ్దం కొలిచే మీటరు ఫోన్‌లో ఎక్కించాను.

నా కారు: 98 డెసిబెల్స్.
వాడి కారు కొలవాలంటే వాణ్ణి అడగాలి. అడగను కదా! అందుకని వాడి కొట్టుకు చేపలు చూడటానికి వెళ్ళినట్టు వెళ్ళాను. వాడు అక్వేరియంలు అమ్ముతాడు. కారు గుమ్మం ముందే ఉంది, పాట మోగుతూనే ఉంది. కిటికీలోంచి ఫోన్ లోపల పెట్టి చూశాను.
వాడి కారు: 106!

"ఏంటన్నయ్యా, కారులో ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు వెనక నుంచి.
"చేపలు" అన్నాను.
రెండు నారింజ రంగు చేపలు కొనాల్సి వచ్చింది. రెండో నియమం సామాను గురించి. చేపలు సామాను కాదు, ప్రాణులు.

ఇంకో విషయం. గాజు తొట్లు మోసుకెళ్ళడానికి వాడు కారు వెనక సీటు పీకేసి చెక్క కొట్టించాడు. పైన పలచటి గుడ్డ. అంతే. దానికంటే బస్టాండు బెంచీ నయం. నా కారు చూడండి! ఇరవై ఏళ్ళుగా కుషన్ షాపు నడుపుతున్నవాణ్ణి. వెనక సీటు ఆరంగుళాల ఫోమ్, డైమండు కుట్టు, అంచులకు పైపింగు. డిక్కీలో ఊఫర్ పెట్టెని కూడా వదల్లేదు. అడుగున ఫోమ్, పైన మెరూన్ రెక్సిన్, మధ్యలో గుండీలు. కారులో సోఫా ఉందా, సోఫాలో కారుందా అని కస్టమర్లు అడుగుతారు.

అంత సుఖమైన కారు వదిలి ఆ చెక్క మీద కూర్చుంటారా మామగారు!

6, గురువారం

రెండు రోజులుగా వీడియోలు. కళ్ళు మంటలు. కానీ చదువుకున్నవాణ్ణయ్యాను.

శబ్దమంటే గాలిని తోయడమేనట. ఊఫర్ ఎంత వెడల్పుంటే అంత గాలి. ముందుకూ వెనక్కూ ఎంత దూరం కదిలితే అంత గాలి. వెడల్పులో నేనే గెలిచాను. మరి 98 ఏంటి?

డబ్బా మీద వెయ్యి వాట్లని రాసి ఉంది కదా, అది ఒక్క క్షణం పెట్టే కేకట. నిలకడగా ఇచ్చేది అందులో పావు వంతేనట. మోసం!

పైగా అన్నే వాట్లు ఇచ్చినా ఒక ఊఫర్ ఎక్కువ అరుస్తుంది, ఇంకోటి తక్కువ అరుస్తుంది. అది పుట్టుకతో వచ్చే గుణమట. ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో రోజూ చూసేదే.

మా ఆవిడ భుజం మీదుగా చదివింది. ఇక నుంచి డైరీ కొట్టులోనే రాయాలి.

8, శనివారం

ఆడియో కొట్టుకు వెళ్ళాను. ఊరికే, మాట్లాడి వద్దామని.
అతను విని, "పెద్ద యాంప్లిఫయర్ పెట్టండి సార్, కరెంటు రెండింతలు పోస్తుంది" అన్నాడు.
పాతది ఇచ్చి కొత్తది తీసుకున్నాను. కొనలేదు. మార్చుకున్నాను. కొనడం వేరు, మార్చుకోవడం వేరు. రెండో నియమం భద్రం.

సాయంత్రం మీటరు: 101.
మళ్ళీ చూశాను. 101!
అతనికి ఫోన్ చేశాను. "అంతే సార్. కరెంటు రెండింతలైతే శబ్దం మూడు పెరుగుతుంది." ఈ మాట ముందు చెప్పొచ్చు కదయ్యా? రెండింతల జీతం తీసుకుని మూడు మేకులే ఎక్కువ కొడతానంటే నేనూరుకుంటానా?

9, ఆదివారం

ఇవాళ తోడల్లుడి వంతు. మేడ మీంచి చూశాను. వీధి మలుపు తిరగకముందే మామగారి చెయ్యి మోకాలి మీద ఆడటం మొదలైంది. నా పక్కన మా ఆవిడ. కారు కనుమరుగయ్యేదాకా చూసి, దండెం మీది బట్టలు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

10, సోమవారం

పెట్టెను డిక్కీ తలుపు వైపు తిప్పితే బేస్ పెరుగుతుందని వీడియోలో చెప్పారు. తిప్పాను. రెండు పెరిగింది. 103! దాంతోపాటు నంబరు ప్లేటు, డిక్కీ రేకు, వెనక అద్దం అన్నీ గజగజ. వాటి కింద ఫోమ్ ముక్కలు దోపాను. ఇది మన సొంత విద్య!

ఎదురింటి టీచరమ్మ వచ్చింది. ఆవిడ ఇంట్లో పిల్లలు పాఠాలు చెప్పించుకుంటారు.
"మా అలమరాలో గ్లాసులు కదులుతున్నాయండీ" అంది.
"కదిలితే పట్టుకోండి!" అన్నాను.
అరిచానట. నేను అరవలేదు, పాట మీంచి వినబడాలని గొంతు పెంచాను. మా ఆవిడ తీర్పు: "మూడోది పోయింది."
ఆవిడ ఇంకా డైరీ చదువుతోంది!

12, బుధవారం

దొరికింది! దొరికింది! దొరికింది!

వీడియోలో ఒకాయన ఊఫర్ పెట్టె పక్కన గుండ్రటి కన్నం చూపించి, లోపల తయారైన గాలి ఇక్కణ్ణుంచి బయటికొచ్చి బేస్‌కి తోడవుతుంది అన్నాడు. నా పెట్టెకు కన్నం లేదే అనుకున్నాను. డిక్కీ తెరిచి రెక్సిన్ మీద వేలితో నొక్కుకుంటూ వెళ్ళాను. ఒకచోట గుండీ కింద వేలు లోపలికి దిగిపోయింది.

ఉంది! కన్నం ఉంది! నేనే మూసేశాను! ఫోమ్ కుక్కి, రెక్సిన్ లాగి, మధ్యలో గుండీ కొట్టి మరీ.

మా ఆవిడ గుడ్డ కత్తిరిస్తూ తలెత్తలేదు. "అప్పుడే అడిగాను, ఆ కన్నం ఎందుకండీ మూస్తున్నారని. 'తయారుచేసినవాళ్ళ పొరపాటు, బోసిగా ఉంది, నేను సరిచేస్తాను' అన్నారు."
అన్నాను. ఇప్పుడు గుర్తొస్తోంది.

గుండ్రంగా కోశాను. అంచుకు పైపింగు వేశాను, చూడ్డానికి బాగుండాలి కదా.
మీటరు: 109!!!
తోడల్లుడు: 106. నేను: 109. గడువుకు ఇంకా పదకొండు రోజులున్నాయి! ఆదివారం మామగారు ఎగిరి గంతేస్తారు!

16, ఆదివారం

మామగారు నిద్రపోయారు.

పూర్తి వాల్యూంలో. అద్దాలు వణుకుతుంటే. దారిలో ఒక కుక్క పారిపోయింది. ఆయన మాత్రం తల ఒక పక్కకు వాల్చి, నోరు కాస్త తెరిచి, చంటిపిల్లాడిలా. మా ఆవిడ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ముందుసీట్లో. వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

దిగేటప్పుడు ఆయన మాట: "సుఖంగా ఉంది అల్లుడూ."
ఆ సుఖం మండిపోను.

17, సోమవారం

దెబ్బ మీద దెబ్బ. 23న తోడల్లుడికి కుదరదట. ఏదో హోటల్లో గోడంత అక్వేరియం బిగించే పని అదే రోజు పడింది. వాడి కారు తొట్లకే చాలదు.

మా ఆవిడ మామగారికి సైగలతో చెప్పింది, మన కారులో వెళ్దాం నాన్నా అని. ఆయన "వద్దులే అమ్మా. మూడు గంటలు నిద్రపోయి అక్కడ దిగి ఏం మాట్లాడను వాళ్ళతో? వాళ్ళు పాటల గురించే మాట్లాడతారు. మానేస్తాను" అన్నారట.

మానేస్తారట.

ట్రూపులో పదకొండుమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఐదుగురే. మళ్ళీసారికి ఎంతమంది ఉంటారో! ఇది నాకూ తోడల్లుడికీ పందెం అనుకున్నాను ఇన్నాళ్ళూ. సిగ్గుగా ఉంది.

18, మంగళవారం

నెగెటివ్ తీగ పాజిటివ్‌కు, పాజిటివ్ నెగెటివ్‌కు మార్చి చూశాను. తగ్గింది. మళ్ళీ మార్చాను.
వాల్యూం ఇంకా పెంచాను. టీచరమ్మ రాలేదు, వాళ్ళాయన్ని పంపింది. అరిచాను. ఒప్పుకుంటున్నాను, అరిచాను.
నారింజ చేపల్లో ఒకటి నా వైపే అదోలా చూస్తోంది.

20, గురువారం
మధ్యాహ్నం.

అడిగేశాను.

మొదటి నియమం కూడా పోయింది. వాడి కొట్టుకు వెళ్ళి, నీళ్ళ తొట్ల మధ్య నిలబడి, "తమ్ముడూ, నీ ఊఫర్‌లో రహస్యం ఏంటి?" అన్నాను. ఈ ఒక్క వాక్యం నోట్లోంచి రావడానికి పదిహేడు రోజులు పట్టింది.

వాడు చేపలకు మేత వేస్తూ, "నాకేం తెలుసన్నయ్యా? కారుతో వచ్చింది. ఎన్నంగుళాలో కూడా తెలీదు" అన్నాడు.
"ఎనిమిది!" అన్నాను.
"ఓహో, ఎనిమిదా" అని మేత డబ్బా మూత పెట్టాడు. "ఇంతకీ మామయ్యని అడిగావా?"
"ఆయనకు వినబడదు కదరా!"
"అందుకే చెప్తున్నా. వినబడని మనిషికి ఏం కావాలో నువ్వూ నేనూ ఎలా చెప్తాం? ఆయన్నే అడుగు."

కోపం వచ్చింది. వాడి మీద కాదు. వీడియోలు చూశాను, మీటరు చూశాను, అంగుళాలు చూశాను, ఆడియో కొట్టువాణ్ణి అడిగాను. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నానో ఆయన్ని మాత్రం అడగలేదు. బుర్ర ఉందా నాకు!

21, శుక్రవారం

కొట్టులో మిగిలిన నల్ల రెక్సిన్ ముక్క మీద సుద్దతో పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్ళాను: "నా కారులో పాట ఎందుకు వినబడట్లేదు?"

మామగారు చదివి నవ్వారు. తడబడ్డారు. "బాగానే ఉంటుంది అల్లుడూ" అన్నారు.
నేను "నిజం" అని రాసి కింద గీత గీశాను.

ఆయన తను కూర్చున్న చెక్క కుర్చీ మీద అరచేతితో తట్టారు.
"నాకు చెవుల్లోంచి వచ్చే పాట అయిపోయింది. ఇప్పుడు కింద నుంచే వస్తుంది. వాడి కారులో చెక్క మీద కూర్చుంటానా, డ్రమ్ము నేరుగా తొడల్లోకి వస్తుంది, వెన్నెముక పట్టుకుని పైకెక్కుతుంది. నేను వాయించేటప్పుడు డ్రమ్ము పొట్టకు కట్టుకునేవాణ్ణిగా, అచ్చం అలాగే. నీ సీటు మెత్తన. ఎంత మోగినా అందులోనే ఇంకిపోతుంది. అమ్మ ఒళ్ళో పడుకున్నట్టుంటుంది, నిద్ర ముంచుకొచ్చేస్తుంది."

"ముందే ఎందుకు చెప్పలేదు?" సుద్ద విరిగింది రాస్తుంటే.

"ఎలా చెప్పను? నా నడుం కోసమని వారం రోజులు కూర్చుని కుట్టావు. అంత ప్రేమగా కుట్టినదాన్ని బాగాలేదంటానా?"

ఏడుపొచ్చింది. మెత్తగా ఉంటే మంచిదని ఆరంగుళాలు వేసింది నేనే. ఆ మెత్తదనమే ఆయన పాట మింగేసింది. నా మనసు నొచ్చుకుంటుందని ఆయన ఏడాది పాటు నిద్రపోయారు.

22, శనివారం

నా కుట్టు నేనే విప్పాను.

మా ఆవిడ కత్తెర పట్టుకుని పక్కన నిలబడింది. "ఖాయమేనా?" అంది. "కొయ్యి" అన్నాను. మొదటి కుట్టు తెగినప్పుడు కళ్ళు మూసుకున్నాను. రెండోది నేనే కోశాను.

ఫోమ్ అంతా తీసేశాను. చెక్క కోసి, సీటు అడుగున రేకుకు బోల్టులతో బిగించాను, ఎక్కడా వదులు లేకుండా. స్పానర్ సరిపోలేదు. తోడల్లుడి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఇక అడగడానికి సిగ్గేముంది, ఆ గోడ మొన్ననే కూలిపోయింది. చెక్క మీద పలచటి గుడ్డ. పైపింగు వెయ్యలేదు. చేతులు దురద పెట్టాయి కానీ వెయ్యలేదు.

"ఇరవై ఏళ్ళ పనితనంలో ఇదే అన్నిటికంటే అనాకారి సీటు" అన్నాను.
"అవును" అంది మా ఆవిడ. చాలా ఇష్టంగా అంది.

23, ఆదివారం

మామగారిని బలవంతంగా ఎక్కించాం. వద్దు వద్దంటూనే కూర్చున్నారు. కూర్చోగానే కింద చెక్క తగిలి నా వైపు చూశారు. నేను అద్దంలోంచి చూడనట్టు నటించాను.

బ్యాండు పాట పెట్టాను.

కాసేపు ఏమీ లేదు. వీధి దాటాం. చౌరస్తా దాటాం.  మా ఆవిడ వెనక్కి తిరిగి తండ్రి చేతులనే చూస్తోంది. అప్పుడు ఆయన రెండు చేతులూ తొడల పక్కన చెక్క మీద ఆనించారు. తల కొంచెం వంచారు. ఒక వేలు కదిలింది. తర్వాత నాలుగు వేళ్ళు. తర్వాత రెండు చేతులూ!

పెద్ద రోడ్డు ఎక్కామో లేదో వెనక నుంచి అరుపు:
"అల్లుడూ! ఈ డ్రమ్ము వాయించేవాడెవడో రెండో దెబ్బ ఆలస్యంగా వేస్తున్నాడు! వీణ్ణి మా ట్రూపులోనైతే మొదటి రోజే పంపించేసేవాళ్ళం!"

మా ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాకూ రోడ్డు సరిగ్గా కనబడలేదు. కారు పక్కకు తీసి ఆపాను. "ఎందుకాపావు? పాట సగంలో ఉంది!" అని మామగారు కేకలేశారు. ఏడాది తర్వాత ఆయన నా మీద కేకలేశారు. ఎంత హాయిగా ఉందో!

మూడు గంటలూ మాటలే. ఎవరు బాకా మర్చిపోయి వచ్చారు, ఎవరు ఊరేగింపు మధ్యలో కనబడకుండా పోయారు, అన్నీ. అక్కడికి చేరాక మిగిలిన నలుగురు ముసలాళ్ళనీ ఒక్కొక్కరినీ తెచ్చి నా చెక్క మీద కూర్చోబెట్టారు. "మా పెద్దల్లుడి పని" అని చెప్పారు. నా ఆరంగుళాల ఫోమ్‌ని ఎవరికీ ఇలా చూపించలేదు ఏ రోజూ.

ఇంటికొచ్చాక గమనించాను. రేడియో మీద వాల్యూం సగంలోనే ఉంది. మరి తోడల్లుడి దానికంటే గట్టిగా మోగిందా లేదా? మీటరు చూడటం మర్చిపోయాను.

24, సోమవారం

పొద్దున్నే తోడల్లుడు కొట్టుకు వచ్చాడు.
"అన్నయ్యా, నా కారు వెనక సీటు మెత్తగా కుట్టి పెట్టవా? ఆ చెక్క మీద మా ఆవిడ నడుం పోతోందట. నువ్వు తీసేసిన ఫోమ్ ఉందిగా."

నా బుర్రలో దీపం వెలిగింది. ఆరంగుళాలు! డైమండు కుట్టు! నిన్నటి వాడి వంతు నేను చేశాను కనుక వచ్చే ఆదివారం వాడి వంతు. మామగారు వాడి కారెక్కిన పది నిమిషాలకు గురక! నాకు అడ్డే లేదు ఇక!
"తప్పకుండా తమ్ముడూ! ఇవాళే!" అన్నాను. అంత ప్రేమగా వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు. వాడికే అనుమానం వచ్చింది.

ఫోమ్ మీద గీత గీశాను. కత్తి పెట్టాను. సగం కోశాను కూడా. అంతలో నిన్నటి ఆ ఒక్క వేలు గుర్తొచ్చింది, మొట్టమొదట కదిలిన వేలు.

ఛీ.

వాడి సీటు రెండు భాగాలు చేశాను. ఒక పక్క మరదలికి మెత్తగా, ఇంకో పక్క మామగారికి ఉన్న చెక్కే. డ్రైవర్ సీటు మాత్రం ముట్టుకోలేదు. వాడు బండి నడుపుతూ నిద్రపోకుండా ఉంటే చాలు.

ఇక రేపటి నుంచి మళ్ళీ కొత్త మనిషిని! తీర్మానం:

ఒకటి, తోడల్లుణ్ణి ఒక్క ముక్క అడగను. స్పానర్ తిరిగివ్వాలి, అది అడగడం కాదు.
రెండు, కొత్త సామాను కొనను. చేపల మేత వేరే సంగతి.
మూడు, ఎవరి మీదా అరవను. మామగారి మీద తప్ప, ఆయనకు వినబడదు కదా.
నాలుగు, ఎవరికైనా మెత్తగా కుట్టేముందు, మెత్తగా కావాలా అని వాళ్ళనే అడుగుతాను.

గడువు: 30, ఆదివారం. ఆ లోపు ఒక్కసారి మీటరు పెట్టి చూడాలి. 109 అంటే 109 అని తేలిపోవాలి కదా.